రాజమండ్రి నుంచి అయిదు రోజులకు హైదరాబాద్: ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి, ఏ రోజు ఎటు వెళ్లాలి?

గోదారిగట్టు (1)

నమస్కారమండీ. సెప్టెంబరులో ఒక బుధవారం పొద్దున హైదరాబాద్‌లో దిగి, ఆదివారం రాత్రి బస్సుకి తిరుగు ప్రయాణం. మొత్తం ఏడుగురం: అమ్మ, నాన్నగారు, మేమిద్దరం, పిల్లలిద్దరు (13, 9 ఏళ్లు), మా మరదలు.

పనులు రెండున్నాయి. మరదలికి అమెరికా వీసా: బుధవారం మధ్యాహ్నం వేలిముద్రలు, గురువారం పొద్దున ఇంటర్వ్యూ. నాన్నగారి మోకాళ్లు గురువారమే నిమ్స్ ఆసుపత్రిలో చూపించాలి. మిగిలిన రోజుల్లో చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, జూ పార్కు చూడాలని పిల్లల కోరిక. రైలు టికెట్ చర్లపల్లి వరకు దొరికింది. గది ఎక్కడ తీసుకోవాలి? ఏ రోజు ఏది పెట్టుకోవాలి? నాన్నగారు మెట్లు ఎక్కలేరు, అర కిలోమీటరు మించి నడవలేరు.

లష్కర్ (2)

గోదారిగట్టు గారూ, ముందు రైలు సంగతి చెప్తాను, ఎందుకంటే మొదటి రోజు తలనొప్పి అక్కడే మొదలవుతుంది. చర్లపల్లి కొత్త టెర్మినల్, 2025 జనవరిలో మొదలైంది. సికింద్రాబాద్ స్టేషన్ కొత్తగా కడుతుండడంతో చాలా రైళ్లను ఇటు మళ్లించారు. స్టేషన్ విశాలంగా, శుభ్రంగా ఉంది, లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి కాబట్టి నాన్నగారికి ఇబ్బంది లేదు. కానీ ఊరికి తూర్పు అంచున ఉంది, మెట్రో లేదు. సికింద్రాబాద్‌లో దిగినట్టు బయటికి రాగానే నడిచి మెట్రో ఎక్కేయవచ్చు అనుకుని వచ్చినవాళ్లు సామాన్లతో రోడ్డు మీద నిలబడిపోతారు.

మీరు ఏడుగురు, పైగా సామాను. మామూలు క్యాబ్‌లో నలుగురికే చోటు. యాప్‌లో ఆరు సీట్ల బండి ఒకటి పెట్టుకున్నా ఒకరు మిగిలిపోతారు, పెట్టెలకు చోటుండదు. అందుకని రెండు బండ్లు పెట్టుకోండి. పెద్దవాళ్లు, పెద్ద పెట్టెలు, మీలో ఒకరు ఒక బండిలో నేరుగా గదికి. మిగతావాళ్లు రెండో బండిలో హబ్సిగూడ దాకా వచ్చి అక్కడ నీలం లైను మెట్రో ఎక్కినా సరే, ఖర్చు తగ్గుతుంది. బండి బుక్ చేయడం రైల్లోంచి కాదు, ప్లాట్‌ఫారం దిగి బయటి ద్వారం కనిపించాక. ముందే పెడితే డ్రైవరు వచ్చి ఎదురుచూసి రద్దు చేసుకుంటాడు, రద్దు రుసుము మీకు పడుతుంది.

ఉప్పల్ రింగు (3)

బస్సులో వచ్చేవాళ్ల కోసం కూడా ఇక్కడే రాసి పెడుతున్నా, ఈ చర్చ ఇంకెవరైనా చదువుతారు. టికెట్‌లో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్టాండు) అని ఉన్నా, మియాపూర్ అని ఉన్నా, చివరిదాకా కూర్చోవద్దు.

విజయవాడ వైపు నుంచి వస్తే ఎల్బీ నగర్‌లో దిగండి. ఎరుపు లైను అక్కడే మొదలు, అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా ఒకే రైలు. 29 కిలోమీటర్లు గంట లోపే. అదే బస్సులో పొద్దున ఎనిమిది తర్వాత ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ అంటే గంటన్నర దాటిపోవచ్చు. వరంగల్, హనుమకొండ నుంచి వచ్చేవాళ్లు ఉప్పల్ చౌరస్తాలో దిగితే నీలం లైను, హైటెక్ సిటీ దాకా మారాల్సిన పని లేదు. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ బస్సులు జేబీఎస్ (సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండు)కి వస్తాయి, పక్కనే మెట్రో. కర్నూలు, అనంతపురం వైపు నుంచి వచ్చేవాళ్లకి ఆరాంఘర్, అక్కడి నుంచి మెహదీపట్నానికి సిటీ బస్సు. ఆ వైపు మెట్రో లేదు.

ఒక్క జాగ్రత్త: మెట్రో ఉదయం ఆరు గంటలకి మొదలవుతుంది. రాత్రి బస్సులు నాలుగున్నరకే దింపేస్తాయి. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు ఎల్బీ నగర్‌లో రోడ్డు పక్క చీకట్లో గంటన్నర నిలబడే బదులు ఎంజీబీఎస్ దాకా వెళ్లి లోపల కూర్చోండి. కుర్చీలు, మరుగుదొడ్లు, టీ అన్నీ ఉంటాయి, మెట్రో స్టేషన్ అక్కడే ఆనుకుని ఉంది.

మధురానగర్ మలుపు (4)

గది విషయానికి వస్తే, హైదరాబాద్‌లో ‘ఊరి మధ్యలో’ అన్న లెక్క పనికిరాదు. పని ఎటు ఉందో అటు, మెట్రో స్టేషన్‌కి నడిచే దూరంలో తీసుకోవాలి. ఇది ఒక ఊరు అనుకోకండి, నాలుగైదు ఊళ్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి అనుకోండి. పాతబస్తీ, సికింద్రాబాద్, అమీర్‌పేట-పంజాగుట్ట, హైటెక్ సిటీ-గచ్చిబౌలి, ఎల్బీ నగర్-దిల్‌సుఖ్‌నగర్. ఒక రోజులో రెండింటికి మించి తిరిగితే ఆ రోజు రోడ్డు మీదే అయిపోతుంది.

మీ పనులకు అమీర్‌పేట సరిగ్గా సరిపోతుంది. ఎరుపు, నీలం లైన్లు కలిసేది అక్కడే. నిమ్స్‌కి ఎరుపు లైనులో ఒకటి రెండు స్టేషన్లు. వీసా పనికి నీలం లైను. పాతబస్తీకి ఎరుపు లైనులో ఎంజీబీఎస్. మూడు దిక్కులకీ మారకుండా వెళ్లొచ్చు.

లష్కర్ (5)

అమీర్‌పేట స్టేషన్ చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, రాత్రి పదకొండు దాకా హోరు. పెద్దవాళ్లకి నిద్ర పట్టదు. నా మాట వింటే బేగంపేట చూడండి. నీలం లైనులో అమీర్‌పేటకి ముందు స్టేషన్, వీధులు కాస్త నెమ్మది.

మధురానగర్ మలుపు (6)

ఆ మాట నిజమే. కానీ బేగంపేటలో ఉంటే నిమ్స్‌కి అమీర్‌పేటలో రైలు మారాలి. అక్కడ రెండు లైన్లు వేరే వేరే అంతస్తుల్లో ఉంటాయి. పొద్దున తొమ్మిదికి ఆ ఎస్కలేటర్ల మీద జనం తోసుకుంటూ వెళ్తారు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి అది చాలా కష్టం. గురువారం ఆయన మెట్రోలో వెళ్లకపోతే మీ సలహా బాగుంది. నిమ్స్‌కి ఎటూ ఆటోలోనే వెళ్లాలి కాబట్టి బేగంపేట అయినా సరే.

గది తీసుకునే ముందు ఫోన్ చేసి మూడు అడగండి: లిఫ్టు ఉందా, అది ఏ అంతస్తు దాకా వస్తుంది, వీధిలోకి కారు వస్తుందా. చాలా లాడ్జీల్లో రిసెప్షనే మొదటి అంతస్తులో ఉంటుంది, లిఫ్టు దగ్గరికి చేరడానికే ఏడెనిమిది మెట్లు ఎక్కాలి. ఫొటోల్లో అది కనపడదు.

గోదారిగట్టు (7)

ఈ మెట్ల విషయం నాకు తట్టనే లేదు, ధన్యవాదాలు. వీసాకి వేలిముద్రలు, ఇంటర్వ్యూ ఒకే చోట కాదా? ఇంకో ప్రశ్న: బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం అంటున్నారు, అమ్మావాళ్లకి వర్తిస్తుందా?

ఉప్పల్ రింగు (8)

ఉచితం తెలంగాణ ఆడవాళ్లకే. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9 నుంచి అమల్లో ఉంది. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ ఇస్తారు. అసలు కార్డు చూపాలి, జిరాక్సు ఒప్పుకోరు. ఆంధ్ర చిరునామా ఉంటే టికెట్ కొనాలి. అలాగే మీ వైపు స్త్రీశక్తి పథకం ఏపీఎస్‌ఆర్‌టీసీది, ఇక్కడి బస్సులకు చెల్లదు. కండక్టరుతో వాదన పెట్టుకుని లాభం లేదు, ఆయన చేతిలో లేని పని.

ఒకే రోజు నాలుగైదు సార్లు బస్సు ఎక్కేటట్టయితే కండక్టర్ని టీ-24 (రోజంతా తిరిగే టికెట్) అడగండి. 24 గంటలు చెల్లుతుంది. రెండే ట్రిప్పులు అయితే విడి టికెట్లే చవక.

నానక్‌రామ్‌గూడ (9)

వీసా గురించి. వేలిముద్రలు, ఫొటో తీసేది హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ భవనంలోనే, కింది కాంకోర్స్ (హాలు)లో ఉన్న దరఖాస్తు కేంద్రంలో. ఇంటర్వ్యూ జరిగేది నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు. కాన్సులేట్ 2023 మార్చిలో అక్కడికి మారింది. పాత బ్లాగుల్లో బేగంపేట పైగా ప్యాలెస్ అని ఇంకా కనిపిస్తుంది, అటు వెళ్లకండి. అపాయింట్‌మెంట్ కాగితం మీద రెండు చిరునామాలు విడివిడిగా ఉంటాయి, ఏ రోజుది ఏదో చూసుకోండి.

బుధవారం తేలిక. నీలం లైనులో హైటెక్ సిటీలో దిగితే అదే భవనం, అమీర్‌పేట నుంచి ఇరవై నిమిషాలు.

గురువారం: నీలం లైను చివరి స్టేషన్ రాయదుర్గం దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి క్యాబ్ లేదా ఆటో. అమీర్‌పేట నుంచే క్యాబ్ పెట్టుకుంటే పొద్దున ఎనిమిదిన్నర తర్వాత జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, మాదాపూర్ దారిలో ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. రైలు సమయం తప్పదు. రాయదుర్గం తర్వాత గచ్చిబౌలి చౌరస్తా ఒక్కటే బిగుతు, దానికి అరగంట పెట్టుకోండి.

ఫోను, స్మార్ట్ వాచీ, బ్యాగు లోపలికి రానివ్వరు, దాచిపెట్టుకోవడానికి అక్కడ ఏర్పాటూ లేదు. పక్క దుకాణాల్లో డబ్బు తీసుకుని దాస్తామంటారు, పాస్‌పోర్టు ఉన్న బ్యాగు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు. తోడుగా ఒకరు వెళ్లి ఫోను పట్టుకుని బయట ఉండడం మేలు. మరదలి చేతిలో పారదర్శకమైన ఫోల్డరు ఒకటే: పాస్‌పోర్టు, పాత పాస్‌పోర్టులు ఉంటే అవి, డీఎస్-160 (వీసా దరఖాస్తు ఫారం) నిర్ధారణ పేజీ, అపాయింట్‌మెంట్ కాగితం, చదువు లేదా ఉద్యోగం కాగితాలు. బయటికి వచ్చాక కలుసుకునే చోటు ముందే అనుకోండి. తన దగ్గర ఫోను ఉండదు, మీ నంబరు నోటికి రాకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి. అది లోపలికి తీసుకెళ్లనిస్తారు.

ముషీరాబాద్ వాసి (10)

నిమ్స్ పంజాగుట్ట, ఇర్రంమంజిల్ మెట్రో స్టేషన్ల మధ్య ఉంటుంది. నాన్నగారిని ఆటోలో తీసుకెళ్లి గేటు దగ్గరే దించండి. ఓపీ నమోదుకు వరస పొద్దునే మొదలవుతుంది, కుటుంబంలో ఒకరు గంట ముందే వెళ్లి వరసలో ఉండి, చీటీ చేతికొచ్చాక ఆయన్ని పిలిపించుకోవడం మంచి పద్ధతి. మోకాళ్లకి ఆర్థోపెడిక్స్ అని స్పష్టంగా చెప్పండి.

పాత కాగితాలను తేదీల వరసలో, కొత్తది పైన ఉండేటట్టు సర్దండి. ఎక్స్‌రే ఫిల్ములు చుట్టకుండా వాటి కవర్లోనే తీసుకెళ్లండి, మడత పడితే డాక్టరుకు సరిగా కనపడక మళ్లీ తీయిస్తారు. వాడే మందులు పేరు చెప్పడం కాదు, అట్టలే పట్టుకెళ్లండి. రక్తపరీక్ష రాసే అవకాశం ఉంది, ఆయనకు షుగర్ ఉంటే పరగడుపున వెళ్లాలా వద్దా అన్నది మీ డాక్టర్ని అడిగి నిర్ణయించుకోండి. బిస్కెట్లు, నీళ్లు సంచిలో ఉంచండి. ఆరోగ్యశ్రీ కింద చేయించాలనుకుంటే రెండు రాష్ట్రాల పథకాలు వేరన్నది గుర్తుంచుకుని, మీ కార్డు చెల్లుతుందో లేదో మొదటే కౌంటర్లో అడగండి. పరీక్షలన్నీ అయ్యాక అడిగితే ఆ బిల్లులు తిరిగి రావు.

ముఖ్యంగా ఆ రోజు ఇంకేమీ పెట్టుకోవద్దు. మధ్యాహ్నం రెండుకి అయిపోతుందని లెక్క వేసుకున్నవాళ్లకి రిపోర్టుల కోసం సాయంత్రం అయిపోతుంది.

పిల్లర్ నంబర్ 143 (11)

ఆసుపత్రి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. ఇక్కడ పెద్ద ప్రైవేటు ఆసుపత్రులకు ఊళ్లో మూడు నాలుగు శాఖలుంటాయి. యశోద అంటే సికింద్రాబాదా, సోమాజిగూడా, మలక్‌పేటా, హైటెక్ సిటీయా? అపోలో అంటే జూబ్లీహిల్సా, హైదర్‌గూడా? డ్రైవరుకి ఒట్టి పేరు చెబితే తనకి తెలిసిన చోటికి తీసుకెళ్తాడు.

పైగా హైదర్‌గూడలు రెండు. ఒకటి బషీర్‌బాగ్, హిమాయత్‌నగర్ పక్కన. ఇంకొకటి అత్తాపూర్ దగ్గర. రెండింటి మధ్యా ఊరు సగం ఉంది. చిరునామాలో పిన్‌కోడ్ చూస్తే తేడా తెలిసిపోతుంది.

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీఎన్‌ఆర్ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, 11.6 కిలోమీటర్లు. దాని కింద ఉండే అందరికీ స్తంభం నంబరే చిరునామా. మెహదీపట్నం దగ్గర చిన్న అంకెలు, ఆరాంఘర్ వైపు పోయేకొద్దీ పెరుగుతాయి. ఎవరైనా ‘పిల్లర్ నంబరు ఫలానా దగ్గరికి రండి’ అంటే తప్పకుండా ఇంకో ప్రశ్న వేయండి: మెహదీపట్నం పోయే వైపా, ఆరాంఘర్ పోయే వైపా? అవతలి వైపు దిగితే పెద్దవాళ్లు ఆ రోడ్డు దాటలేరు, బండి యూటర్న్ కోసం చాలా దూరం పోవాలి. మెట్రో దారి కింద కూడా ఇదే పద్ధతి. కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ వైపు దుకాణాల బోర్డుల మీద మెట్రో స్తంభం నంబరే వేస్తారు.

ఆటోలు మీటరు వేయవు, అది ఆశించొద్దు. యాప్‌లో ఎంత చూపిస్తుందో చూసి, దానికి పది ఇరవై అటూ ఇటుగా బేరం చేస్తే ఒప్పుకుంటారు. వాన పడుతుంటే ఆ లెక్క పనిచేయదు.

మధురానగర్ మలుపు (12)

మెట్రో కొత్తవాళ్ల కోసం. టికెట్ ఫోన్లో వాట్సాప్ ద్వారా గానీ యాప్‌లో గానీ తీసుకోవచ్చు, కౌంటర్లో కూడా ఇస్తారు. క్యూఆర్ టికెట్ మనిషికి ఒకటి. ఏడుగురికి ఏడు క్యూఆర్‌లు ఒకే ఫోన్లో ఉంటే గేటు దగ్గర ఒక్కొక్కటి జరుపుతూ చూపించాలి. ముందు పిల్లల్ని, పెద్దవాళ్లని పంపి, ఫోను పట్టుకున్నవాళ్లు చివర వెళ్లాలి. లోపలికి వెళ్లాక టికెట్ పని అయిపోయింది అనుకుని తుడిచేయకండి, బయటికి వచ్చేటప్పుడు మళ్లీ అదే చూపాలి. ఫోన్లో చార్జింగ్ అయిపోవడం అందరికీ ఎదురయ్యే ఇబ్బంది. ఏడుగురి టికెట్లు ఒకే ఫోన్లో పెట్టకుండా రెండు ఫోన్లలో పంచండి.

రైలుకి మూడే పెట్టెలు. ఆడవాళ్లకి కేటాయించిన భాగం ఒక చివర ఉంటుంది, ప్లాట్‌ఫారం మీద గుర్తు ఉంటుంది. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదిన్నర, సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య హైటెక్ సిటీ వైపు రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. ప్రతి స్టేషన్‌లో లిఫ్టు ఉంది, కానీ రోడ్డుకి ఒక వైపున ఉండి మీరు దిగింది మరో వైపు కావచ్చు. దిగగానే గోడ మీద పటం చూసి, లిఫ్టు ఉన్న ద్వారం అక్షరం గుర్తుపెట్టుకోండి.

పాతబస్తీ దారులు (13)

ఇగ పాతబస్తీ సంగతి నేను జెప్త. మొదలు ఒక్క మాట: శుక్రవారం పోకుండ్రి. సాలార్‌జంగ్ శుక్రవారం బంద్, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం బంద్. చార్మినార్ తెరిచే ఉంటది గానీ మధ్యాహ్నం మక్కా మసీదుల నమాజుకు జనం మస్తుగ ఉంటరు, బండ్లు ఎటూ కదలయ్.

పొద్దుగాల తొమ్మిదిన్నరకు మెట్రోల ఎంజీబీఎస్‌ల దిగుండ్రి. ఆడికెళ్లి సాలార్‌జంగ్ మూసీ అవతలి ఒడ్డున ఉంటది, కిలోమీటరు లోపే, గానీ మీ నాయిన కోసం ఆటో తీస్కోండ్రి. మ్యూజియం పది గంటలకు తెరుస్తరు, అయిదింటికి మూస్తరు. బ్యాగులు బయట క్లోక్‌రూంల పెట్టాలె. అన్ని గదులు చూస్త అంటే రెండు రోజులైనా సాలది. పిల్లలకు మూడు చూపిస్తే చాలు: బెంజోని చెక్కిన ముసుగేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ, అద్దం ముంగట నిలబెట్టిన మెఫిస్టోఫిలిస్-మార్గరెట్టా జంట కట్టె బొమ్మ, ఇగ గడియారం.

గడియారం గంట గంటకూ కొడ్తది. లోపలికెళ్లి గడ్డమున్న చిన్న బొమ్మ తలుపు తీస్కొని బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని సార్లు గంట కొట్టి మల్ల లోపలికి పోతది. పక్కకు కమ్మరోని బొమ్మ ఒకటి సెకండ్లకు సుత్తె ఏస్తనే ఉంటది. పన్నెండింటికి పన్నెండు సార్లు కొడ్తదని అందరు గప్పుడే జమైతరు. చిన్నోనికి ఏం కనపడది. పదకొండింటికి చూడుండ్రి, పది నిమిషాల ముంగటనే పోయి ముందు బెంచీల కూసోండ్రి. మీ నాయినకు కూడ కూసుండ దొరుకుతది.

పన్నెండున్నరకు బయటికొచ్చి మదీనా చౌరస్తా దిక్కు అన్నం తినుండ్రి. ఆడికెళ్లి ఆటోల నేరుగ ఖిల్వత్ దిక్కు చౌమహల్లా పోవాలె. ఇదే చాన మంది తప్పు చేసేది: చార్మినార్ దగ్గర దిగి, లాడ్ బజార్ల గాజులు చూస్కుంట చూస్కుంట పోయేసరికి చౌమహల్లా మూసే టైమైతది. ప్యాలెస్ అయిదింటికి బంద్, బజారు రాత్రి తొమ్మిది దాక ఉంటది. అందుకే ప్యాలెస్ ముంగట, బజారు తర్వాత. చౌమహల్లాల తోట ఉంది, హౌజు (నీళ్ల కొలను) ఉంది, ముసలోళ్లు కూసుంటరు.

చార్మినార్ మీదికి 149 మెట్లు, ఇరుకు, గుండ్రంగ తిరుగుతయ్. మొదటి అంతస్తు దాకనే పోనిస్తరు. పెద్దోళ్లు కింద ఉంటే మంచిది. చీకటైనంక లైట్లేస్తరు, అప్పుడు పత్తర్‌గట్టి దిక్కు గుల్జార్ హౌజ్ కాడ నిలబడి చూస్తే మంచిగుంటది.

గాజుల గల్లీ (14)

లాడ్ బజార్ గురించి కొంచెం వివరంగా. లక్క గాజులకి ప్రసిద్ధి, హైదరాబాద్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దుకాణాలు పదకొండు తర్వాతే తెరుస్తారు.

సైజు 2.4, 2.6, 2.8 అంటారు. ఇది దశాంశం కాదండీ. 2.4 అంటే రెండంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే రెండుంబావు అంగుళాల లోపలి వ్యాసం. 2.8 అంటే రెండున్నర. ఊళ్లో ఉన్నవాళ్ల కోసం కొనేటప్పుడు సరిగ్గా పట్టే పాత గాజు ఒకటి పట్టుకురండి, దుకాణంలో కొలకర్ర మీద వేసి చూపిస్తారు. లక్క గాజు సాగదు, వంగదు, అందుకని గాజు గాజుల కన్నా ఒక సైజు పెద్దది తీసుకోమని చాలామంది చెబుతారు. వేలికొసలతో పట్టుకుని వేసి చూశాకే డబ్బులివ్వండి.

లక్క గాజు అంటే లోపల లోహపు వలయం, దాని మీద వేడి లక్క పూసి, మెత్తగా ఉన్నప్పుడే రాళ్లు అద్దుతారు. నిజమైనది చేతిలో కాస్త బరువుగా ఉంటుంది, లోపలి వైపు వేలితో రాస్తే నున్నగా ఉండదు, చేత్తో నొక్కిన ఎగుడుదిగుడులు తగులుతాయి. ప్లాస్టిక్‌ది తేలికగా, అచ్చులో పోసినట్టు ఒకే తీరుగా ఉంటుంది, రాళ్లు జిగురుతో అంటించి ఉంటాయి. గోటితో ఒక రాయి అంచు మెల్లగా కదిపి చూడండి. చేస్తుండగా చూడాలనుకుంటే పక్క సందుల్లో కుంపటి ముందు కూర్చుని చేసేవాళ్లు కనిపిస్తారు, అడిగితే పేరు కూడా అద్ది ఇస్తారు. కొన్నాక ఎండలో కారులో వదిలేయొద్దు, లక్క మెత్తబడి రాళ్లు జారిపోతాయి. బేరం మామూలే. కాకపోతే కుంపటి ముందు కూర్చున్న మనిషి దగ్గర మరీ గీసి గీసి ఆడకండి, ఆ జత వెనక కనపడని పని చాలా ఉంటుంది.

ఖిలా దగ్గర (15)

గోల్కొండకి నాన్నగారు రావచ్చు, పైకి ఎక్కకూడదు, అంతే. ప్రవేశ ద్వారం దాటగానే గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బారాదరి మండపం దగ్గర వినిపిస్తుంది. పిల్లలు పైకి వెళ్లాక మీరు కింద కొట్టండి, పొద్దునే అయితేనే వినపడుతుంది. పదకొండు దాటితే కింద ఎప్పుడూ ఎవరో ఒకరు కొడుతూనే ఉంటారు, ఎవరిది ఎవరిదో తెలియదు. కింద తోటలు, ఆయుధాగారం, రాణిమహల్ శిథిలాలు చదునుగానే ఉంటాయి, ఆయనకు గంటసేపు సరిపోతుంది.

పైకి సుమారు 360 మెట్లు. ఎత్తులు సమానంగా ఉండవు, రాయి అరిగి నున్నగా ఉంది, వాన పడ్డాక జారుతుంది. చెప్పులు వద్దు, పట్టుండే బూట్లు వేసుకోండి. దారిలో కంచర్ల గోపన్న, మన రామదాసు బందీగా ఉన్న చెర వస్తుంది. చీకటిగా, పైకప్పులో చిన్న రంధ్రం నుంచి వెలుతురు పడుతుంటుంది. గోడ మీద ఆయన చెక్కాడని చెప్పే మూర్తులున్నాయి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా రెండు నిమిషాలు ఆగితేనే కనపడతాయి.

నీళ్లు మనిషికి లీటరు కిందే కొనుక్కోండి. ఉదయం తొమ్మిదికే చేరితే పన్నెండులోపు దిగేస్తారు. తిరుగు బండి కోట గేటు ముందు దొరకడం కష్టం, ఎందుకంటే పాత దర్వాజాల్లోంచి బండ్లు ఒక్కొక్కటే దూరాలి, డ్రైవర్లు లోపలికి రావడానికి ఇష్టపడరు. వచ్చిన బండినే మాట్లాడుకుని ఉంచుకోవడం ఏడుగురికి సుఖం.

ఇరానీ చాయ్ (16)

బిర్యానీ ఆర్డరులో ఒక్క మాట. ఏడుగురికి ఏడు చెప్పకండి. పాతబస్తీలో ఒక ప్లేటు చాలా చోట్ల ఇద్దరికి సరిపోతుంది. మొదట మూడు చెప్పి, తర్వాత కావాలంటే చెప్పుకోవచ్చు. మసాలా, ముక్క కింద ఉంటాయి, పైన తెల్ల అన్నం. గోదావరి వైపు పలావులా అంతా కలిసిపోయి ఉండదు. గరిటె అంచు నుంచి కిందిదాకా దింపి నిలువుగా తీస్తేనే రుచి, పైపైన తీసుకుంటే ఉప్పు లేదనిపిస్తుంది. పక్కన మిర్చీ కా సాలన్, పెరుగు చట్నీ ఇస్తారు. కారం తక్కువనిపిస్తే సాలన్ కలుపుకోండి.

చాయ్‌లో డికాక్షన్, పాలు వేర్వేరుగా కాస్తారు. పాలు ఎక్కువ కావాలంటే ‘పౌనా’ అనండి. ఉస్మానియా బిస్కెట్ ఉప్పూ తీపీ కలిసి ఉంటుంది. ఊరికి తీసుకెళ్లడానికి అయితే చివరి రోజు కొనండి.

ఉప్పల్ రింగు (17)

సెప్టెంబరు అన్నారు కదా, క్యాలెండర్‌లో అనంత చతుర్దశి ఎప్పుడో చూశారా? గణేశ్ నిమజ్జనం రోజు బాలాపూర్ నుంచి చార్మినార్, అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్ మీదుగా ట్యాంక్‌బండ్ దాకా శోభాయాత్ర. ఖైరతాబాద్ వైపు కూడా రోడ్లు మూస్తారు, మర్నాడు మధ్యాహ్నం దాకా సర్దుకోదు. ఆ రోజు ఆసుపత్రి గానీ ప్రయాణం గానీ ఉంటే మెట్రో ఒక్కటే దారి. చూడాలని వచ్చేవాళ్లకి అది గొప్ప రోజు, కానీ మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లని జనంలోకి తీసుకురాకండి.

వాన గురించి కూడా. సాయంత్రం గట్టి వాన పడితే క్యాబులు దొరకవు. అప్పుడు ఎక్కడున్నా మెట్రో స్టేషన్‌కి చేరుకోవడమే ముందు పని. అండర్‌పాస్‌ల కిందికి ఆటోని వెళ్లనివ్వకండి.

గోదారిగట్టు (18)

అందరికీ నమస్కారం. అనంత చతుర్దశి చూశాను, మా వారం కాదు. ఇలా అనుకుంటున్నాం:

బుధవారం చర్లపల్లిలో దిగి బేగంపేట గది, మధ్యాహ్నం హైటెక్ సిటీ. గురువారం నిమ్స్‌కి నేను, నాన్నగారు. కాన్సులేట్‌కి మా ఆవిడ, మరదలు. శుక్రవారం గోల్కొండ. శనివారం పాతబస్తీ. ఆదివారం జూ చూసుకుని రాత్రి తొమ్మిదిన్నర బస్సు, టికెట్ మియాపూర్ నుంచి తీసుకుందామనుకుంటున్నాం.

ఖిలా దగ్గర (19)

శుక్రవారం గోల్కొండ బాగుంది, ఆ రోజు తెరిచే ఉంటుంది. జూకి సోమవారం సెలవు, ఆదివారం తెరిచి ఉంటుంది కానీ విపరీతమైన జనం. గేటు తెరిచే వేళకే చేరండి. లోపల బ్యాటరీ బండి టికెట్ మొదటే తీసుకోండి, 380 ఎకరాలు నాన్నగారు నడవలేరు.

పాతబస్తీ దారులు (20)

జూ బహదూర్‌పురాల ఉంటది, చార్మినార్‌కు దగ్గర. శనివారమే రెండూ చేద్దామనుకోకుండ్రి, రెండిట్ల ఒకటి కూడ సక్కగ కాదు.

ఉప్పల్ రింగు (21)

బస్సు మాత్రం మార్చండి. మియాపూర్‌లో ఎక్కితే ఆ బస్సు ఊరంతా తిరిగి జనాన్ని ఎక్కించుకుంటూ ఎల్బీ నగర్ చేరేసరికి గంటన్నర, రెండు గంటలు మీరు లోపలే కూర్చోవాలి. టికెట్‌లో ఎక్కే చోటు ఎల్బీ నగర్ అని పెట్టుకుని, బేగంపేటలో నీలం లైను ఎక్కి అమీర్‌పేటలో ఎరుపుకి మారి అక్కడికి వెళ్లండి. నాన్నగారు, అమ్మగారు, సామాన్లు ఒక క్యాబ్‌లో, వాళ్లతో మీరు. టికెట్‌లో ఎల్బీ నగర్‌కి రాసిన సమయానికి కాస్త ముందే అక్కడ ఉండండి. ఆదివారం రాత్రి ఎల్బీ నగర్ చౌరస్తాలో ఒకే చోట ఇరవై బస్సులు ఆగుతాయి కాబట్టి, డ్రైవరు నంబరు మెసేజ్‌లో రాగానే ఫోన్ చేసి బస్సు ఏ మెట్రో స్తంభం దగ్గర ఆగుతుందో అడిగి, ఆ స్తంభం దగ్గరే కూర్చోండి.